ముందుగానే గల్లంతు

పడవ పత్రాల డైరెక్టరేట్ వారి వెబ్‌సైటు తెరుచుకోవడానికి పదకొండు సెకన్లు పట్టేది. సర్కారు ఆఫీసులో ఏదైనా పదకొండు సెకన్లలో తెరుచుకుంటే జనం దణ్ణం పెట్టుకోవాలి. కానీ పడవల వాళ్ళకి ఆ విశ్వాసం లేదు. ఫోను తెర మీద గిర్రున తిరిగే చక్రాన్ని చూస్తూ, డైరెక్టరేట్‌ను పుట్టించిన వాళ్ళని ఏడు తరాల దాకా తలచుకునేవారు.

ఆ తిట్లన్నీ చివరికి చేరేది ఎస్తేరు రాణికి. ఆమె ఆ కార్యాలయంలో ఔట్‌సోర్సింగ్ ప్రోగ్రామరు. ఔట్‌సోర్సింగ్ అంటే పని లోపలిది, కుర్చీ బయటిది. కాకినాడలో ఉన్న ఆ రెండంతస్తుల భవనంలో ఎస్తేరు కుర్చీ వరండాలో, మంచినీళ్ళ కూలరు పక్కన ఉండేది. వచ్చిన వాళ్ళు గ్లాసుడు నీళ్ళు తాగి, ఆ చల్లదనంతో ఆమెను తిట్టిపోయేవారు.

అలా వచ్చేవాళ్ళలో గరికిన నూకరత్నం ఒకతె. ఉప్పాడ దగ్గర ఆమెకో పడవ ఉంది. దాని పేరు బంగారమ్మ తల్లి. సముద్రం మీదికి వెళ్ళేది మొగుడూ మరో ఐదుగురూ అయినా, పడవ ఆమె పేరు మీదే ఉంది. ఏటా వేసవిలో అరవై ఒక్క రోజులు చేపల వేట నిషేధం. జూన్ పద్నాలుగుతో అది ముగుస్తుంది. పదిహేనో తారీకు తెల్లవారేసరికి వేట పర్మిటు చేతిలో ఉంటేనే పడవ నీళ్ళలోకి దిగాలి. ఆ పర్మిటు వచ్చేది వెబ్‌సైటులోంచి మాత్రమే.

"ఏటమ్మా ఇది, తలుపు తీత్తారా, తియ్యరా?" అంది నూకరత్నం మే నెల మొదట్లో ఓ రోజు, ఫోను ఎస్తేరు ముఖం ముందు పెట్టి.

ఎస్తేరుకి రోషం వచ్చింది. కూర్చుని వెతికింది. జబ్బు తెలిసింది. వెబ్‌సైటు అంటే ఒకటే ముక్క కాదు. మాడ్యూళ్ళనే చిన్న చిన్న స్క్రిప్టు ముక్కల గుంపు. ఫోను మొదటి ముక్కను తెప్పించుకుని చదువుతుంది. దానికి రెండోది కావాలని అందులో రాసి ఉంటుంది. ఫోను మళ్ళీ సర్వరు దగ్గరికి పరుగెత్తి రెండోది తెస్తుంది. అది చదివితే మూడోది కావాలని ఉంటుంది. పప్పు తెచ్చాక చింతపండు, చింతపండు తెచ్చాక ఇంగువ అంటూ మనిషిని ఒకటికి మూడుసార్లు కొట్టుకి తిప్పడమన్నమాట. ఎస్తేరు పేజీ మొదట్లో మూడే మూడు వరుసలు చేర్చింది. "ఈ మూడు ముక్కలూ ఎలాగూ కావాలి, ఒకేసారి ముందే తెచ్చిపెట్టుకో" అని వాటి భావం.

పేజీ రెండు సెకన్లలో తెరుచుకుంది.

నూకరత్నం ఫోను వైపు చూసింది, ఎస్తేరు వైపు చూసింది. "సేతిలో ఏదో ఉందమ్మా నీకు. పర్మిటు జూన్‌లో తీసుకుంటాను," అని చెప్పి, ఆ రోజు ఎవరినీ తిట్టకుండా వెళ్ళిపోయింది. ఈ వింత చూసిన వాళ్ళెవరో వెళ్ళి డైరెక్టరు గారికి చెప్పారు.

డైరెక్టరు పద్మనాభం గారు ఎస్తేరును లోపలికి పిలిపించారు. మూడేళ్ళలో ఆమె ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. పక్కన సూపరింటెండెంట్లు నలుగురున్నారు. వాళ్ళలో పెద్దవాడు గల్లంతైన పడవల విభాగం చూసే వీరభద్రయ్య గారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. మరో నాలుగు నెలల్లో రిటైరవుతారు.

"ఏం చేశారమ్మా?" అన్నారు డైరెక్టరు గారు.

"పెద్దగా ఏం లేదండి. మూడు మాడ్యూళ్ళని ముందే రప్పించమని రాశానండి."

"ముందే!" ఆ మాటను ఆయన నాలుక మీద వేసుకుని చప్పరించారు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన కళ్ళముందు ఎవరూ ఏదీ ముందే చేసిన పాపాన పోలేదు. "మొత్తం ఎన్నున్నాయి?"

"నాలుగు వందల పన్నెండండి."

"మూడింటికి తొమ్మిది సెకన్లు ఆదా. ముక్కకి మూడు. నాలుగు వందల పన్నెండింటికి?"

వీరభద్రయ్య గారు కాగితం మీద హెచ్చవేసి, "పన్నెండు వందల ముప్పై ఆరు, సర్," అన్నారు.

"పదకొండు సెకన్ల పనిలో పన్నెండు వందల ముప్పై ఆరు సెకన్లు ఆదా!" డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. "అంటే పౌరుడు అడగడానికి ఇరవై నిమిషాల ముందే మనం జవాబు చెప్పేస్తాం. దేశంలో ఇంకెవరైనా చేస్తున్నారా?"

"ఎవరూ లేరు సర్," అన్నారు నలుగురూ. అది నిజమే.

"అన్నీ ముందే అంటే ఏదీ ముందు కాదండి," అంది ఎస్తేరు నసుగుతూ. "మూడే కావాలి కాబట్టి మూడు పెట్టానండి. అందరూ ఒకేసారి గుమ్మంలో దూరితే ఎవరూ లోపలికి రాలేరు కదండి."

"అమ్మా, మూడింటికి ఓ న్యాయం, మిగతా వాటికి ఓ న్యాయమా? ఇది ప్రభుత్వ కార్యాలయం."

మూడో రోజున సర్క్యులరు వచ్చింది.

"విషయం: స్క్రిప్టు మాడ్యూళ్ళను ముందస్తుగా రప్పించుట – సమగ్ర, సంపూర్ణ అమలు – గురించి. ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఏదేని మాడ్యూలును అవసరమైనప్పుడు మాత్రమే రప్పించుట అనునది గత కాలపు అలసత్వ ధోరణిగా ఈ కార్యాలయము భావించుచున్నది. కావున అవసరముతో నిమిత్తము లేకుండా యావత్తు మాడ్యూళ్ళను రప్పించవలెను. ఉల్లంఘించువారిపై చర్యలు ముందస్తుగా తీసుకొనబడును."

యావత్తు రప్పించడానికి అభ్యంతరం లేదు గానీ, ఏది ముందు అన్న దగ్గర కార్యాలయం రెండుగా చీలింది. ఎంత ఒకేసారి రప్పించినా, పేజీలో రాసేటప్పుడు ఒకటి పైన, ఒకటి కింద ఉండక తప్పదు.

"నిన్నగాక మొన్న పుట్టిన వలల విభాగం మాడ్యూలు వెనకాల నా మాడ్యూలు నిలబడాలా?" అన్నారు వీరభద్రయ్య గారు. "కోర్టుకెళ్తాను."

కోర్టు దాకా ఎందుకని ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. కమిటీ పది రోజులు కూర్చుని, మాడ్యూళ్ళకి వాటి సూపరింటెండెంట్ల సీనియారిటీ వర్తిస్తుందని తేల్చింది. ఆ లెక్కన గల్లంతైన పడవల మాడ్యూలు మొదటి స్థానంలో కూర్చుంది. జీపు మరమ్మతుల మాడ్యూలుకి ఏడో స్థానం, అతిథి గృహం దుప్పట్ల మాడ్యూలుకి పదకొండో స్థానం దక్కాయి. పర్మిట్ల విభాగానికి ఆ ఏడాది సూపరింటెండెంటు లేడు, పోస్టు ఖాళీ. అడిగే నాథుడు లేక, జనానికి కావలసిన ఆ ఒక్క మాడ్యూలూ నాలుగు వందల పన్నెండో స్థానానికి పోయింది.

ఎస్తేరు కమిటీ ఇచ్చిన జాబితాను ఉన్నది ఉన్నట్టు పేజీలోకి ఎక్కించింది. కార్యాలయంలోని పెద్ద కంప్యూటరు మీద పేజీ కాస్త నింపాదిగా వచ్చింది. తీరంలోని ఫోన్ల మీద నాలుగు నిమిషాలకు గానీ రాలేదు. ఆ నాలుగు నిమిషాల్లో రోజుకి సరిపడా డేటా కూడా ఆవిరైంది.

"మొన్న సిటికేసినట్టు తెరుసుకుంది," అంది నూకరత్నం జూన్ మొదటి వారంలో వచ్చి. "ఇయ్యాల పొయ్యి మీద పులుసు పెట్టి, ఉడికించి, దింపీసాను. ఇది ఇంకా తిరుగుతానే ఉంది. ఏటి సేసావమ్మా?"

"బాగు చేశామండి," అంది ఎస్తేరు తలొంచుకుని.

"ఇంకోపాలి బాగు సెయ్యకండి తల్లీ, సచ్చిపోతాం."

ఫిర్యాదులు పెరిగేసరికి డైరెక్టరు గారు సమీక్షా సమావేశం పెట్టారు. తప్పు విధానంలో ఉండే వీల్లేదు కాబట్టి అమలులో వెతికారు.

"రప్పించాక ఈ మాడ్యూళ్ళు ఏం చేస్తున్నాయి?"

"ఏమీ చెయ్యవండి. వచ్చి ఊరికే ఉంటాయి. పిలిచినప్పుడు లేచి పని చేస్తాయండి."

సూపరింటెండెంట్లు నలుగురూ బల్ల మీదికి చూపులు దించుకున్నారు.

"ఊరికే ఉంటాయా!" అన్నారు డైరెక్టరు గారు. "రప్పించి ఊరికే కూర్చోబెట్టామా? వచ్చినవి వచ్చినట్టే పనిలోకి దిగాలి. ఒకరు పిలిచేదాకా ఆగడమేమిటి?"

ఎస్తేరు గబగబా అడ్డుపడింది. "అలా వద్దండి. ఒక్కో మాడ్యూలుకి ఒక్కో పని ఉంటుందండి. వీరభద్రయ్య గారి మాడ్యూలు పనేంటంటే, ఎవరిదైనా పడవ తప్పిపోతే రిజిస్టర్లో గల్లంతు అని రాసి, వాళ్ళకి సానుభూతి సందేశం పంపడమండి. పిలవకుండానే అది పని మొదలుపెడితే..."

"మీ అభ్యంతరం రాసి ఇవ్వండి."

రాసి ఇచ్చింది. మర్నాడు దాని మీద ముద్ర పడి వెనక్కి వచ్చింది. "పరిశీలించి తిరస్కరించడమైనది." ముద్రలోని తేదీ ఆమె రాసిన రోజుకి ముందు రోజుది.

ఎస్తేరు కాంట్రాక్టు జూన్ ముప్పైతో ముగుస్తుంది. పొడిగించాలా, వద్దా అన్నది డైరెక్టరు గారి ఒక్క సంతకం. ముద్ర పడిన కాగితాన్ని చేతిలో పట్టుకుని ఆమె కూలరు పక్కన చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత వాళ్ళు చెప్పినట్టే చేసింది.

జూన్ పదో తారీకు ఉదయం నుంచి, పర్మిటు కోసం పేజీ తెరిచిన ప్రతివాడి పడవా గల్లంతవడం మొదలైంది. సీనియారిటీ ప్రకారం గల్లంతు మాడ్యూలే ముందు లేస్తుంది కదా. మధ్యాహ్నానికి మూడు వందల పన్నెండు. మర్నాటికి వెయ్యి దాటాయి. పన్నెండో తారీకుకి పద్దెనిమిది వందల నలభై ఆరు. తీరంలో ఇక గల్లంతు కావడానికి పడవలు మిగల్లేదు.

ఏడాదికి నాలుగు కేసులు కూడా ఉండని వీరభద్రయ్య గారికి కొత్త ప్రాణం వచ్చింది. అదనంగా ఇద్దరు గుమాస్తాలూ, ఒక బీరువా కావాలని ఆయన రాశారు. వెంటనే మంజూరయ్యాయి.

నూకరత్నం పన్నెండో తారీకున మొగుణ్ణి వెంటబెట్టుకుని మరీ వచ్చింది. ఆమె ఫోనులో ఇలా ఉంది: "మీ పడవ బంగారమ్మ తల్లి గల్లంతైనందుకు డైరెక్టరేట్ ప్రగాఢ సానుభూతి తెలియజేస్తోంది. సిబ్బంది ఆత్మకు శాంతి కలుగుగాక." ఆ సిబ్బందిలో ముఖ్యుడు ఆమె పక్కనే నిలబడి కూలరులో నీళ్ళు తాగుతున్నాడు.

ఆమె నేరుగా వీరభద్రయ్య గారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, నా పడవ ఎక్కడికీ పోనేదు. ఒడ్డునే ఉంది. దాని నీడలో మేకలు పడుకున్నాయి."

"ఒడ్డున ఉన్నట్టు పత్రం ఉందా?"

"పడవే ఉందండి!"

"పడవ పత్రం కాదు కదమ్మా," అన్నారాయన ఓపిగ్గా. "రిజిస్టరు ప్రకారం మీ పడవ గల్లంతు. దొరికితే దొరికినట్టు తొమ్మిదో నంబరు ఫారం నింపండి. ఇదిగో, ఈ గడిలో సముద్రంలో ఎక్కడ దొరికిందో రాయాలి."

"సముద్రంలో లేదండి, ఇసక మీదుంది."

"ఇసక అని రాయడానికి గడి లేదు."

"పోనీ సముద్రంలోకి తీసుకుపోయి సూపిత్తాను."

"పర్మిటు లేకుండా తీసుకెళ్తే నేరం."

"పర్మిటు ఇవ్వండి మరి."

"గల్లంతైన పడవకి పర్మిటు ఎలా ఇస్తామమ్మా?"

నూకరత్నం ఫారాన్ని ఆయన బల్ల మీదే పెట్టేసింది. "అంటే ఇది దొరకాలంటే ముందు నిజంగా తప్పిపోవాలన్నమాట."

"ఇప్పుడు అర్థం చేసుకున్నారు," అన్నారాయన మెచ్చుకోలుగా.

మొగుణ్ణి గేటు దగ్గర నిలబడమని చెప్పి, ఆమె వరండాలోకి వచ్చి, ఎస్తేరు బల్ల అంచున కూర్చుంది. ఈసారి గొంతు పెంచలేదు.

"ఇది నీ సేతి రాతేనా?"

"నేనే రాశానండి." అబద్ధమాడాలని ఎస్తేరుకి అనిపించలేదు. "వద్దని చెప్పాను. వినలేదు. రాయమంటే రాసేశాను."

"సెరిపితే పోద్దా?"

"పోద్దండి. తొమ్మిదో తారీకు నాటి రిజిస్టరు కాపీ నా దగ్గరుంది. దాన్ని తిరిగి పెడితే పడవలన్నీ వెనక్కొస్తాయి. కానీ ఆర్డరు లేకుండా చెరిపితే నా ఉద్యోగం పోతుందండి."

"పోద్ది," అని ఒప్పుకుంది నూకరత్నం. "నిన్ను సెయ్యమని నేననను. అరవై రోజుల నుంచీ మా ఇంట్లో ఏట లేదు. నీ ఇంట్లో కూడా అలాగవ్వాలని ఎలా అంటాను? నాకు తెలిసిందొకటి సెప్తాను, ఇని ఊరుకో. వలలోకి సేపలతో పాటు సెత్తంతా వత్తాది. కొత్తోడు మొత్తం పడవలోకి లాగేత్తాడు, ఒడ్డుకెళ్ళాక ఏరుకోవచ్చని. పాతోడు నీళ్ళల్లోనే దులిపేత్తాడు. దులపకపోతే బరువుకి పడవ మునుగుద్ది, ఉన్న సేపలు కూడా పోతాయి."

అంతే చెప్పి, గేటు దగ్గరున్న మొగుణ్ణి పిలుచుకుని బస్సుకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఎస్తేరును పీడించింది ఉద్యోగ భయం ఒక్కటే కాదు. ఆ సానుభూతి సందేశం పద్దెనిమిది వందల ఇళ్ళకి వెళ్ళింది. ఫోను మాత్రమే చూసి, పడవ వైపు చూడని ముసలి తల్లి ఏ ఇంట్లోనైనా ఉందేమో అన్న ఆలోచన ఆమెను తిననివ్వలేదు.

పదమూడో తారీకు ఉదయం పదకొండింటికి, కార్యాలయానికి ఎదురుగా ఉన్న కల్యాణ మండపంలో సభ ఏర్పాటైంది. ముందస్తు విధానం ఘనవిజయం సాధించబోతున్నందుకు ముందస్తు విజయోత్సవం అది. సూపరింటెండెంట్లు, గుమాస్తాలు, డ్రైవర్లు అందరూ శాలువాలకీ గుత్తివంకాయ భోజనానికీ తరలివెళ్ళారు. ఔట్‌సోర్సింగ్ వాళ్ళకి ఆహ్వానం లేదు.

ఖాళీ భవనంలో ఎస్తేరు ఒక్కతే మిగిలింది. రోడ్డు అవతలి నుంచి మైకులో డైరెక్టరు గారి గొంతు వినిపిస్తోంది. "పౌరుడు గుమ్మం తొక్కకముందే అతని కష్టం మనకి తెలియాలి! అతని కన్నీరు కారకముందే మనం తుడవాలి!"

చప్పట్లు మోగాయి. ఎస్తేరు కంప్యూటరు ముందు కూర్చుంది.

దుప్పట్ల మాడ్యూలు వరుస తీసేసింది. జీపు మరమ్మతులది తీసేసింది. ఒక్కొక్కటీ తీస్తుంటే భుజాల మీంచి ఇటుకలు దింపుతున్నట్టు ఉంది. నాలుగు వందల తొమ్మిది వరుసలు పోయాయి. పర్మిటుకి కావలసిన మూడే మిగిలాయి. పిలవకుండా ఎవరూ లేవకూడదని రాసింది. తొమ్మిదో తారీకు నాటి రిజిస్టరును తిరిగి పెట్టింది. ప్రతి మార్పుకీ లాగ్ అనే చిట్టాలో కారణం రాయాలి. ఆమె అక్కడ, "ఎవరి ఆదేశమూ లేదు. నా బాధ్యత మీద చేశాను. ఎస్తేరు రాణి," అని రాసింది. లేచి వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. తర్వాత నూకరత్నానికి ఫోను చేసింది.

"ఇప్పుడు తెరవండి."

రెండు సెకన్లు గడిచాయి. ఆ తర్వాత ఒక్కసారిగా నూకరత్నం కేక. "ఒరే, పడవ దొరికిందిరా!" ఆ వెనకే నలుగురైదుగురి నవ్వులు, ఎవరో డబ్బా మీద దరువు.

ఆ మధ్యాహ్నం నుంచి పద్నాలుగో తారీకు సాయంత్రం దాకా తీరమంతా పర్మిట్లు తీసుకుంది. పదిహేనో తారీకు తెల్లవారుజామున పడవలన్నీ నీళ్ళలోకి దిగాయి.

పదహారున ఎస్తేరుకి పిలుపొచ్చింది. తీసుకెళ్ళవలసిన సామానుంటే సర్దుకోవచ్చని, టిఫిను గిన్నె కూడా సంచిలో వేసుకుని లోపలికెళ్ళింది.

డైరెక్టరు గారి బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి లాగ్, దాని అడుగున ఎస్తేరు పేరు. రెండోది, రిజిస్టరు లెక్కలు చూసి రాజధాని వాళ్ళు పంపిన అభినందన లేఖ. గల్లంతైన పద్దెనిమిది వందల నలభై ఆరు పడవలను, ఒక్క ప్రాణనష్టం కూడా లేకుండా, ఒకే మధ్యాహ్నం వెతికి పట్టుకున్న డైరెక్టరేట్‌కు ప్రత్యేక ప్రశంస. వీరభద్రయ్య గారు గాలింపు చర్యల నాయకుడిగా అప్పటికే పూలదండ వేసుకుని ఉన్నారు.

"ఈ పేరు మీదేనా?" అన్నారు డైరెక్టరు గారు లాగ్ చూపిస్తూ.

"నాదేనండి."

"ఆదేశాలు లేకుండా విధానాన్ని తొలగించారు. ఇది తీవ్రమైన నేరం."

"అవునండి."

ఆయన మొదటి కాగితం చూశారు. రెండోది చూశారు. మళ్ళీ మొదటిది చూశారు. ఆయన తెలివితక్కువవాడు కాదు. ఎస్తేరును శిక్షించాలంటే ఆమె చెరిపినట్టు రాయాలి. ఆమె చెరిపినట్టు రాస్తే, పడవలు గల్లంతే కాలేదని తేలుతుంది. గల్లంతు కాని పడవలను వెతికి పట్టుకున్నందుకు రాజధాని వాళ్ళు వేరే రకం లేఖ రాస్తారు.

"ఈ లాగ్ గల్లంతైంది," అన్నారు చివరికి, కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేస్తూ. ఆ చేత్తోనే ఆమె కాంట్రాక్టు కాగితం తీసి, ఏడాదికి పొడిగిస్తూ సంతకం చేశారు.

ఎస్తేరు దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. వెనక నుంచి మళ్ళీ పిలుపు.

"అమ్మా, ఇప్పుడు పేజీలో కింద ఉన్న ఫొటోలు, కిందికి జరిపితే గానీ రావట్లేదే?"

"అవసరమైనప్పుడే వస్తాయండి. అందాకా రావు. దాన్ని లేజీ లోడింగ్ అంటారండి."

"లేజీ," అన్నారు డైరెక్టరు గారు. ఆ మాటను కూడా నాలుక మీద వేసుకుని చప్పరించారు. కళ్ళు మెరిశాయి. "అవసరం వచ్చేదాకా ఎవరూ కదలకుండా ఉండటం! దీన్ని కార్యాలయమంతటా అమలు చేస్తే? సిబ్బందికి శిక్షణ ఎన్ని రోజులు పడుతుందంటారు?"

వీరభద్రయ్య గారు దండ సర్దుకుంటూ లేచి నిలబడ్డారు. "శిక్షణ అక్కర్లేదు సర్. ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉంది."

"అయితే సర్క్యులరు తయారు చెయ్యండి."

"ఎప్పటికల్లా చెయ్యమంటారు సర్?"

"విధానం చెప్పాను కదండీ. ఎవరైనా అడిగినప్పుడు."

ఎస్తేరు చల్లగా తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చేసింది. ఆ సర్క్యులరు కావాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పేజీ రెండు సెకన్లలోనే తెరుచుకుంటోంది.